డబ్బు కట్టే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

సంపాదకులు గారికి,

అయ్యా,

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడుకునేవాళ్లు భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 దాకా పొడిగించుకోవచ్చు గానీ, ఆ తర్వాత అదీ లేదు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపు ఎనిమిదో తరం నుంచి పైది అయ్యుండాలి. అందుకే ఇప్పుడు కర్నూలు, నంద్యాల, ఆదోని ఎక్కడ చూసినా షాపుల్లో ఒకటే మాట: "పాత సిస్టమ్ ఇంక పనికిరాదు సార్, కొత్తది తీసుకోండి."

కొత్తది కొనేటప్పుడు చాలామంది నాలుగు డబ్బులు కలిసొస్తాయని డాస్ మిషన్ అడుగుతారు. డాస్ మిషన్ అంటే విండోస్ లైసెన్సు లేనిది. దాంట్లోకి షాపు కుర్రాడే పావుగంటలో క్రాక్ విండోస్ ఎక్కించి ఇచ్చేస్తాడు. ఆ క్రాక్ నడవాలంటే చాలాసార్లు యాంటీవైరస్ ఆపాలి, అప్‌డేట్లు కూడా ఆపాలి. కాపలా కుక్కను కట్టేసి తలుపు తీసి పడుకోవడమే ఇది. అదే సిస్టమ్ మీద బ్యాంకు లావాదేవీలు చేస్తాం, పిల్లల ధ్రువపత్రాలు దాచుకుంటాం. లైసెన్సు కొనడం ఇష్టం లేకపోతే దొంగది వేసుకోనక్కరలేదు, విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఉంది. అయితే లినక్స్ పెట్టుకున్నవాళ్లలో కొందరు విసిగిపోయి వెనక్కి పోవడం కూడా నిజమే. తప్పు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జరగదు, దాదాపు ఎప్పుడూ కొనేటప్పుడే జరుగుతుంది. వైఫై చిప్పు, ప్రింటర్, డిస్కు మోడ్ (కింద చెబుతాను) ఈ మూడింటి సంగతి కౌంటర్ దగ్గరే తేల్చుకుంటే ఇంట్లో పని గంటలో అయిపోతుంది.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. 8 జీబీది చాలు. మొదటిసారి వాడేవాళ్లకు లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ 22 వరుసలో ఆఖరున వచ్చిన ఐఎస్‌ఓ (మొత్తం సిస్టమ్ ఉండే ఒకే ఫైలు) సరిపోతుంది. అది ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టింది, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోవాలి. 2 జీబీ సిస్టమ్ మీద కూడా ఎక్కుతుంది గానీ, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చతికిలపడుతుంది, ఆ ముచ్చట వద్దు. ఐఎస్‌ఓ దాదాపు 3 జీబీ ఉంటుంది. మొబైల్ డేటా మీద దించుకుంటే మధ్యలో తెగి ఫైలు పాడయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఐఎస్‌ఓను ఎంచుకున్నాక పక్కనున్న టిక్ గుర్తు నొక్కండి. ఫైలు పాడవలేదని తేల్చుకునే 64 అక్షరాల షా256 సంఖ్య చూపిస్తుంది. మింట్ వెబ్‌సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో అది తు.చ. తప్పకుండా కలవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ దించుకోవాల్సిందే. సగం ఇన్‌స్టాల్ అయ్యాక ఆగిపోయిందనే ఫిర్యాదులకు పాడైన ఐఎస్‌ఓ ఒక ముఖ్య కారణం.

ఐఎస్‌ఓ ఫైలును మామూలుగా కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే బూట్ అవదు. రూఫస్‌తోనే రాయించాలి. కొత్త మిషన్లకు అందులో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ సిస్టమ్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఎంచుకోవాలి. ఐఎస్‌ఓ మోడా డీడీ మోడా అని అడిగితే ముందు ఐఎస్‌ఓ మోడ్, బూట్ కాకపోతే రెండోసారి డీడీ మోడ్. డీడీ మోడ్‌లో రాశాక విండోస్‌లో పెట్టి చూస్తే పెన్‌డ్రైవ్ సైజు తగ్గినట్టు కనిపిస్తుంది, ఫార్మాట్ చేయమని కూడా అడుగుతుంది. పాడైందని పారేయకండి. పని అయ్యాక రూఫస్‌తోనే ఫార్మాట్ చేస్తే మామూలుగా వస్తుంది.

ఇప్పుడు షాపులో. పవర్ బటన్ నొక్కిన వెంటనే బూట్ మెనూ కీని టకటకా కొడుతూ ఉండాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్. ఏసర్‌కూ ఎఫ్12నే, కాకపోతే చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి. అసెంబుల్డ్ సిస్టమ్ అయితే గిగాబైట్ బోర్డుకు ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11, ఆసుస్ బోర్డుకు ఎఫ్8. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో డెస్క్‌టాప్ వస్తుంది. స్క్రీన్ నల్లగా ఉండిపోతే మళ్లీ బూట్ చేసి, మొదటి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోవాలి. అది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట ఎక్కువగా అవసరపడుతుంది. ఇదంతా ర్యామ్‌లోనే నడుస్తుంది. మనం ఇన్‌స్టాల్ గుర్తు నొక్కి ముందుకు పోనంతవరకు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయదు. "వారంటీ పోతుంది సార్" అనే షాపువాళ్లకు ఈ మాట చెప్పాలి. ఒకే ఒక్క జాగ్రత్త: విండోస్ 11 ముందే వేసి వచ్చిన ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్‌ను (గుర్తింపు లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వని కాపలా) ఆఫ్ చేయకండి, విండోస్ డిస్కుకు వేసే తాళమైన బిట్‌లాకర్ మేలుకొని 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మింట్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది, దాని జోలికి పోవాల్సిన పని లేదు.

డెస్క్‌టాప్ వచ్చాక పది నిమిషాలు తీరిగ్గా చూడాలి. మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, కింద కుడి మూలన నెట్‌వర్క్ గుర్తు నొక్కితే దాని పేరు కనబడాలి, కలవాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఏదో ఒక వీడియో పెట్టి స్పీకర్లో ఒకసారి, ఇయర్‌ఫోన్ గుచ్చి ఒకసారి శబ్దం వినాలి. స్క్రీన్ వెలుతురు పెంచే తగ్గించే కీలు నొక్కాలి. కెమెరా చూడాలి. ఆఖరున ల్యాప్‌టాప్ మూత వేసి, ఒక నిమిషం ఆగి తెరవాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ పరీక్షే. మూత తెరిచాక స్క్రీన్ రాకపోయినా, వైఫై మళ్లీ కలవకపోయినా ఆ మోడల్ వదిలేయండి, ఇంటికెళ్లాక రోజూ అదే తలనొప్పి. వేలిముద్ర రీడర్ పనిచేయకపోతే మాత్రం పట్టించుకోనక్కరలేదు, చాలావాటికి లినక్స్ డ్రైవర్ లేదు. సెకండ్ హ్యాండ్ మిషన్ అయితే డిస్క్స్ అనే ప్రోగ్రాంలో సాటా డిస్కు తాలూకు స్మార్ట్ వివరాలు తెరవండి. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో అక్కడ ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ వేశామన్నవాళ్ల మాట అక్కడే తేలిపోతుంది.

వైఫైలో ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 లాంటివి ఏ గొడవా లేకుండా పనిచేస్తాయి. రియల్‌టెక్‌లో కొన్ని కొత్త కెర్నల్‌తో (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) బాగానే ఉన్నాయి, కొన్ని మొరాయిస్తాయి. మూడొందలకో నాలుగొందలకో వచ్చే యూఎస్‌బీ వైఫై డాంగిల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. అదే పెట్టె, అదే మోడల్ పేరు, లోపల చిప్పు మాత్రం బ్యాచ్‌కొకటి మారుతుంది. పక్కింటివాళ్లకు పనిచేసింది కదా అని కొంటే మనకు పనిచేయకపోవచ్చు. వైఫై కనబడని సిస్టమ్‌లో డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు సులువైన దారి ఉంది: ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఏ డ్రైవరూ వేయకుండానే నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిచి దొరికింది వేసుకోవచ్చు. ఇంట్లో ఫైబర్ రూటర్ సిస్టమ్ పక్కనే ఉంటే ఇవేవీ వద్దు, రెండు మీటర్ల ల్యాన్ కేబుల్ వేసేయండి.

ప్రింటర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన జిల్లాలో ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ కనిపించే పాత లేజర్ ప్రింటర్లలో కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ముందుంటాయి. రెండూ గట్టివే, లినక్స్ దగ్గరకొచ్చేసరికి రెండింటి దారీ వేరు. కానన్ 2900 క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది. దానికి కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది గానీ, 64 బిట్ సిస్టమ్ మీద కూడా 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనకాల ఒక ప్రత్యేక సర్వీసు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, అది ఆగిందంటే ప్రింట్ క్యూలో కాగితం అలాగే ఉండిపోతుంది. తెలిసినవాళ్లు నడిపిస్తారు, కొత్తవాళ్లకు నేను చెప్పను. హెచ్‌పీ 1020 సంగతి వేరు. దానికి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాం) లోపల శాశ్వతంగా ఉండదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. మింట్‌లో ఉండే హెచ్‌పీలిప్ అనే హెచ్‌పీ ప్రింటర్ల ప్రోగ్రాం ఆ పని చేస్తుంది, కాకపోతే హెచ్‌పీ ఇచ్చే ప్లగిన్ ఒకటి నెట్ నుంచి దించుకోవాలి. ఆ ప్లగిన్ వెర్షనూ హెచ్‌పీలిప్ వెర్షనూ ఒకటే అయ్యుండాలి. సిస్టమ్‌ను పెద్ద వెర్షన్‌కు మార్చిన మర్నాడు ప్రింటర్ మూగబోతే కారణం ఇదే. ప్లగిన్ మళ్లీ వేస్తే లేచి కూర్చుంటుంది, ప్రింటర్ పాడైందని రిపేరుకు మోయక్కరలేదు.

కొత్త ప్రింటర్ కొనేవాళ్లకు ఒక్క గుర్తు చాలు: పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందా చూడండి. అది ఆపిల్‌వాళ్ల కోసం రాసిన మాటే అయినా, అదే పద్ధతిలో లినక్స్ కూడా డ్రైవర్ లేకుండా ప్రింట్ తీస్తుంది. ఆ ప్రింటర్లలో చాలావాటికి స్కానింగ్ కూడా అలాగే వస్తుంది. ప్రింటర్, సిస్టమ్ రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు.

కొత్తగా అసెంబుల్ చేయించేవాళ్లు గేములు ఆడేది లేకపోతే విడి గ్రాఫిక్స్ కార్డు మానుకోవచ్చు. గ్రాఫిక్స్ కలిసి ఉన్న ప్రాసెసర్, ఉదాహరణకు రైజెన్ 5 5600జీ, ఇంటికి బోలెడు. దాని గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, వేరే వేయాల్సింది లేదు. ఇలాంటి ప్రాసెసర్ సిస్టమ్ ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కూ వాడుకుంటుంది కాబట్టి 16 జీబీ ఒకే కర్ర కంటే 8 జీబీవి రెండు మేలు. నాలుగు స్లాట్ల బోర్డులో ఆ రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కనే పెట్టేస్తే బూట్ అవుతుంది, వేగం మాత్రం రాదు. పాత సిస్టమ్‌నే లినక్స్‌కు మార్చేవాళ్లు డబ్బు పెట్టదలిస్తే ముందు హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, ర్యామ్ మాట తర్వాత.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సిస్టమ్‌లో లినక్స్ ఒక్కటే ఉండేలా అయితే డిస్కు మొత్తం తుడిచేసే ఎంపిక చాలు. వేరుగా విభజించుకుంటామంటే బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐకి 512 ఎంబీ, సిస్టమ్‌కు 100 జీబీ, మిగిలిందంతా మన ఫైళ్లుండే హోమ్‌కు. హోమ్ విడిగా ఉంటే రేపు సిస్టమ్ మళ్లీ ఎక్కించినా ఫొటోలు, ఫైళ్లు అలాగే ఉంటాయి, ఆ భాగాన్ని ఫార్మాట్ చేయమని మాత్రం టిక్ పెట్టకూడదు. ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప డిస్కే కనబడకపోతే చాలాసార్లు బయోస్‌లో డిస్కు కంట్రోలర్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉందని అర్థం, ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్‌ను కూడా ఉంచుకునేవాళ్లు ఇది ఉన్నపళంగా మారిస్తే విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, ఆ రీస్టార్ట్‌లోనే బయోస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి పోయి, తర్వాత మామూలు మోడ్‌కు తేవాలి.

రెండూ ఉంచుకునేవాళ్లకు ఇంకో మూడు మాటలు. బిట్‌లాకర్ రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. లినక్స్‌కు చోటు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే తగ్గించి ఇవ్వాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగిపోదు, దాని డ్రైవులు లినక్స్‌లో చదవడానికి తెరుచుకుంటాయి గానీ రాయనివ్వవు. ఇంకోటి, గడియారం. విండోస్ బోర్డు గడియారంలో మన టైమే రాస్తుంది, లినక్స్ గ్రీనిచ్ టైము రాస్తుంది. దాంతో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తుంది. బోర్డు మీది బ్యాటరీ పోయిందని మార్చేవాళ్లున్నారు. తేడా ఐదున్నర గంటలే అయితే బ్యాటరీది తప్పు కాదు, లినక్స్‌ను కూడా లోకల్ టైము వాడేలా ఒకసారి చెబితే సరి.

వీడియోలు, పాటలు నడిచేందుకు కావలసిన కోడెక్‌లు వేయమని టిక్ పెడితే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అది సెక్యూర్ బూట్ కోసం. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి రీస్టార్ట్‌లో నీలి రంగు తెర ఒకటి వచ్చి పది సెకన్లే ఆగుతుంది. ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, ఆ పాస్‌వర్డే కొట్టాలి. టీ తాగి వచ్చేలోపు ఆ తెర వెళ్లిపోతే సిస్టమ్ వస్తుంది గానీ ఎన్‌విడియా డ్రైవర్, కొన్ని వైఫై డ్రైవర్లు లోడ్ కావు. కారణం తెలియక మళ్లీ మొదటి నుంచి ఎక్కించేవాళ్లు ఎందరో.

తెలుగు రాయడం లినక్స్‌లో కష్టమనేది పాత మాట. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ల కింద తెలుగు చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) వచ్చేస్తుంది. ఎడమచేతి కింద అచ్చుల గుర్తులు, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులు ఉంటాయి. కర్నూలు అని రాయాలంటే ఇంగ్లిషు కీల మీద కె, జె, డి, వి, టి, ఎన్, జి వరుసగా కొట్టాలి: క, ర, పొల్లు, న, ఊత్వదీర్ఘం, ల, కొమ్ము. ఏడు నొక్కులు, షిఫ్ట్ ముట్టుకునే పని లేదు. రెండు వారాలు అలవాటైతే చేతులే వెతుక్కుంటాయి. ఇంగ్లిషు అక్షరాలతో పలికినట్టు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే ప్రోగ్రాం, దానికి తోడు ఎం17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. ఫాంట్లలో లోహిత్, పోతన, వేమన ఉచితంగా ప్యాకేజీల్లోనే ఉన్నాయి. లిబ్రెఆఫీస్‌లో తెలుగు అక్షరాలకు పెట్టిన సైజు నిలవకపోతే, ఆప్షన్లలో భాషల కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేయాలి. లిబ్రెఆఫీస్ తెలుగుకు ఒక ఫాంటు, ఒక సైజు, ఇంగ్లిషుకు ఇంకొకటి పెట్టుకుంటుంది, చాలామంది ఇంగ్లిషు దాన్ని మార్చి తెలుగు మారలేదంటారు.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు మాత్రం ఇక్కడ గజిబిజి ఇంగ్లిషుగా కనిపిస్తాయి, అవి అన్ని సిస్టమ్‌లూ చదివే యూనికోడ్ అక్షరాలు కావు. పేజ్‌మేకర్, అను మీద బతికే డీటీపీ సెంటర్లు, ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణాలు విండోస్‌నే ఉంచుకోవాలి, ఆ పని సిస్టమ్‌ను లినక్స్‌కు మార్చమని ఎవరికీ చెప్పకూడదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు దాని కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తోందో లేదో ముందు కనుక్కోవాలి. ఇంట్లో చదువులు, బ్యాంకు, ఉత్తరాలు, వీడియోలు అయితే అడ్డేమీ లేదు.

కరెంటు మాట చెప్పకపోతే మన ఊళ్లలో ఏ సలహా అయినా సగమే. రాస్తుండగా కరెంటు పోయినా లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థ తన జర్నల్‌తో ఫైళ్ల అమరికను కాపాడుకుంటుంది, మీరు సేవ్ చేయని ఉత్తరాన్ని కాపాడదు. అప్‌డేట్ నడుస్తుండగా పోతే మాత్రం ప్యాకేజీలు సగంలో నిలిచిపోతాయి. డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ ఉంటే షట్‌డౌన్ చేసేంత వ్యవధి దొరుకుతుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని వెనక ఎకో, యూపీఎస్ అని ఉండే స్విచ్ చూడండి. ఎకోలో ఉంటే మార్పిడి నెమ్మదిగా జరిగి సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ వైపు పెడితే ఆ బాధ తగ్గుతుంది గానీ, వోల్టేజీ తగ్గినప్పుడల్లా త్వరగా బ్యాటరీ మీదికి పోతుంది. లో వోల్టేజీ ఉండే వీధిలో దీన్ని గమనించుకోవాలి. మన ఎండాకాలంలో సీపీయూ డబ్బాను టేబుల్ కింది మూసిన అరలో పెట్టకండి, వెనక ఫ్యాన్‌కు జానెడు చోటు వదలండి.

అన్నీ కుదిరాక టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఆన్ చేసుకోవాలి. అప్‌డేట్ ఏదైనా వికటిస్తే నిన్నటి సిస్టమ్‌కు తీసుకుపోతుంది. కానీ అది కాపాడేది సిస్టమ్‌ను మాత్రమే, మీ ఫొటోలను కాదు. వాటికి వేరే డిస్కులో ఇంకో కాపీ ఉండాలి.

మీ పత్రిక ద్వారా జిల్లాలోని షాపుల వారికి రెండు విన్నపాలు. డాస్ మిషన్ అమ్మినప్పుడు బిల్లులో విండోస్ లేదు అని, వైఫై చిప్పు పేరు ఫలానా అని రెండు ముక్కలు రాయండి. కౌంటర్‌లో ఒక మింట్ పెన్‌డ్రైవ్ ఉంచి, అడిగినవాళ్లకు పది నిమిషాలు బూట్ చేసి చూపండి. కొనేవాడు వెనక్కి తెచ్చి వాదించే గొడవ మీకే తప్పుతుంది. సంపాదకులు గారు జిల్లా పేజీలో వారానికి ఒక్క పావు కాలమ్ ఇస్తే, ఏ మోడల్ మీద ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో పాఠకులే రాసి పంపగలరు. ముందుగా ప్రింటర్లతో మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు.